రొయ్యలు ఒలిచేవాళ్ళకి చట్టం లేదు

ఒక పెద్ద అడవిలో, అంటే మడ అడవి అనుకోండి, సముద్రం రోజుకి రెండుసార్లు లోపలికొచ్చి పోయే చోటు, అక్కడ గూడబాతు గారికి ఓ రొయ్యల షెడ్డుండేది. గూడబాతు తెలుసుగా, ముక్కు కింద సంచీ వేలాడే పక్షి. ఈయన సంచీ నిండాక కూడా నోరు మూసే రకం కాదు.

షెడ్డులో రొయ్యలు ఒలిచేది నీటికుక్కలు. అబ్బ, ఆ చేతుల వేగం చూస్తే మనకి కళ్ళు తిరుగుతాయి!

ఆ అడవికి పనిగంటల చట్టం ఒకటుంది. మూడే మాటలు. పొద్దు పొడవగానే పనికి రావాలి. పొద్దు వాలగానే వదిలెయ్యాలి. ఆపైన చేయిస్తే రెట్టింపు కూలి.

ఆ మూడో మాట గూడబాతు గారికి గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. నేరుగా కౌన్సిల్‌కి పోయాడు. అక్కడ అధ్యక్షుడు మొసలి. ఎవరు ఏ అర్జీ తెచ్చినా ముందు ఏడుస్తాడు, తర్వాత వింటాడు.

"అధ్యక్షా! రొయ్య పొద్దు చూసి చస్తుందా? 'రేపు ఒలుచుకోండిలే' అని ఆగుతుందా? మాది పోటు మీద బతికే పనండీ. మా వాళ్ళకి చట్టం వద్దు."

"అయ్యో, ఎంత కష్టం!" అని మొసలి భోరుమన్నాడు. "మినహాయింపు ఇచ్చెయ్యండి."

గుమాస్తా తాబేలు కాగితం తిరగేసి, "మూడో మాట ఒక్కటే కొట్టెయ్యాలా, మొత్తమా?" అంది.

"ఒక్కటేంటి, నేనేమన్నా చిల్లర బేరగాణ్ణా? మొత్తం కొట్టెయ్!"

మొసలి తోకతో ధబీమని ముద్ర కొట్టాడు.

ఇంకేముంది, పొద్దు వాలినా షెడ్డు తలుపు తెరుచుకోదు. రెట్టింపు మాట ఎత్తితే "మీకు చట్టం లేదు" అంటాడు.

అందరికన్నా ఇబ్బంది పోలమ్మ అనే నీటికుక్కకి. నీటికుక్క పిల్లలకి ఈత పుట్టుకతో రాదండి, నిజం! తల్లే మెడ పట్టుకుని నేర్పాలి. పోలమ్మ కూతురు పైడికి ఇంకా రాలేదు. గట్టు మీద నిలబడి కోడిపిల్లలా వణుకుతోంది. వారంలో వానలు. వరదొస్తే వాళ్ళ బొరియ మునిగిపోతుంది.

"అయ్యగారూ, ఒక్క పూట వదలండి. పిల్లకి ఈత నేర్పుకుంటాను."

"నీళ్ళు అక్కడే ఉన్నాయిగా, మధ్యలో నువ్వెందుకే?"

పోలమ్మ తాబేలు దగ్గరికెళ్ళింది. "తాతా, మాకు ఏటీ లేదా?"

"ఏమీ లేదమ్మా. రెట్టింపు కూలి లేదు. పొద్దు వాలాక వదలాలని లేదు. పొద్దు పొడవగానే రావాలని..."

తాబేలు ఆగిపోయింది. పోలమ్మ మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

"ఏటన్నావు తాతా? మళ్ళీ సదువు!"

మర్నాడు షెడ్డులో ఒక్క నీటికుక్క లేదు. అన్నీ కాలవలోనే! పైడి మొదటిసారి రాయిలా మునిగింది, రెండోసారి బెండులా తేలింది, మూడోసారి నుంచి రమ్మన్నా గట్టెక్కడం లేదు.

సరిగ్గా ఆ రోజే మొసలి కూతురి పెళ్ళి. విందు కాంట్రాక్టు గూడబాతు గారిదే. గుట్టలు గుట్టలుగా రొయ్యలు, వాసన మొదలైంది.

ఆయన రొప్పుకుంటూ వచ్చాడు. "ఏంటే ఈ ఆలస్యం?"

"ఆలస్యమా?" వెల్లకిలా తేలుతూ అంది పోలమ్మ. "ఏ వేళకంటే ఆలస్యమండీ? మాకు వేళ ఎక్కడ ఏడిసింది?"

బాతుల్ని పిలిచాడు. అవి ఒలవకుండానే మింగేశాయి. తనే కూర్చున్నాడు. పది ఒలిస్తే తొమ్మిది జారి సంచీలో పడ్డాయి, పదోది వెతుకుతుంటే దొరకలేదు.

పెళ్ళివారు ఖాళీ ఆకుల ముందు కూర్చుని, మెల్లగా గూడబాతు గారి వంకే చూడ్డం మొదలెట్టారు. బాగా కండపట్టిన పక్షి కదా.

అంతే! ఆయన ఎగిరి కౌన్సిల్ బల్లెక్కాడు. "కార్మికులకి చట్టం కావాలి! రెట్టింపు కూలి కావాలి! నీటికుక్కల హక్కులు వర్ధిల్లాలి!"

కాలవలోంచి పోలమ్మ కేకేసింది. "వస్తామండీ, వస్తాం! ముందు ముద్ర పడనివ్వండి. అప్పటిదాకా మేం చట్టం లేనోళ్ళం!"

నీతి: కార్మికుల హక్కులు యజమానికి గుర్తుకు రావాలంటే ఉద్యమాలు అక్కర్లేదు, ఆకలేసిన పెళ్ళివారు ఓ ఇరవై మంది ఆయన వంక చూస్తే చాలు.