ఖోఖో కెప్టెన్ మనసు, తాత నోట

పాఠకులారా, ఆడపిల్లలు ఆటల్లో పైకి రావాలంటే కావలసింది మైదానమూ కాదు, మాస్టరూ కాదు. పరిశోధన! అందులోనూ గుణాత్మక పరిశోధన. లెక్కలుండవు, కొలతలుండవు. ఆడే పిల్లను కూర్చోబెట్టి, మనసులో ఏముందని అడగడమే.

మొన్న బెంగళూరు నుంచి అంబిక మేడమ్ టేప్ రికార్డర్ పట్టుకుని కర్ణాటకలో బాగేపల్లి దగ్గరున్న మా పరగోడుకు వచ్చారు. పల్లె క్రీడాకారిణుల మనస్తత్వం మీద పీహెచ్‌డీ చేస్తున్నారట. హైస్కూలు ఖోఖో జట్టు కెప్టెన్ శశికళ ఇంటికి మొదట వెళ్ళారు. పక్కింటిదాన్ని కదా, నేనూ వెళ్ళి గోడకానుకుని కూర్చున్నాను.

శశికళ చేత వాళ్ళ తాత వెంకటరమణప్ప అప్పటికే ఆట మాన్పించాడు. పదో తరగతి పిల్ల పరుగెత్తితే ఇంటి మర్యాద ఆమెకన్నా ముందు పరుగెత్తుతుందట! ఆ మధ్యాహ్నమే స్కూల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసిన హోబళి పోటీల ఫైనల్. కెప్టెన్ మాత్రం ఇంట్లో.

మా వైపు ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళు పిల్లల్ని ఏమడిగినా పెద్దవాళ్ళే జవాబు చెబుతారు.

"పరుగెత్తేటప్పుడు నీకేమనిపిస్తుంది, శశికళా?" అన్నారు మేడమ్.

"భయం అనిపిస్తాదమ్మా," అన్నాడు తాత.

"మీకా?"

"నాకెందుకు? దానికి!"

ఎంత లోతు! ఏ ప్రశ్నాపత్రానికి అందుతుందీ లోతు? ఇంతలో మేనత్త లక్ష్మీదేవమ్మ వచ్చి, వెనక నుంచి తట్టి 'ఖో' అంటే గుండె ఎట్లా దడదడలాడుతుందో చెప్పింది. ఆమె ఖోఖో ఎన్నడూ చూడనైనా లేదు. చిన్నాన్న సీనప్పయితే ఓటమి బాధ వివరిస్తూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. మేడమ్ క్యాసెట్ తిరగేశారు.

"శశికళ ఏమీ మాట్లాడటం లేదే?"

"అదే దాని మనసమ్మా. రాసుకోండి!"

మౌనం కూడా సమాచారమేనట. మేడమ్ మురిసిపోతూ రాసుకున్నారు.

"మజ్జిగ తెస్తా తాతా," అని శశికళ లేచింది.

"పో పాపా. నీ సంగతి నేను చెప్తాండాను కదా!"

మజ్జిగ రాలేదు. ఎవరూ అడగనూ లేదు. మాటలు అంత రుచిగా సాగుతున్నాయి.

"మా పిల్లకి పరుగంటేనే గిట్టదమ్మా. ఇంట్లో కూచునేదే ఇష్టం," అంటున్నాడు తాత.

స్కూలు వైపు నుంచి "శశీ! శశీ!" అని కేకలు, ఈలలు.

"ఏమప్పా, ఆ గలాటా?" అన్నారు మేడమ్.

"ఏమోనమ్మా. మా పిల్లకి అవంతా పట్టవు."

సాయంత్రం మోకాళ్ళ దాకా దుమ్ముతో శశికళ వచ్చి తన చోట కూర్చుంది. గెలిచామని నాకు కనుబొమలతో సైగ చేసింది. తాతకు గొంతు బొంగురుపోయింది. "దాని మనసులో ఉండేదంతా చెప్పేసినానమ్మా," అన్నాడు తృప్తిగా.

మేడమ్ తేల్చిన సత్యం: ఈ ప్రాంతపు ఆడపిల్లలు పదో తరగతికి వచ్చేసరికి తమంతట తామే ఆట మానుకుంటారు.

అందుకే విశ్వవిద్యాలయాలకు నా విన్నపం. వచ్చే శుక్రవారం బాగేపల్లిలో, హోబళి గెలిచిన జట్లకు తాలూకా పోటీలు. దయచేసి ఆ రోజు పొద్దున్నే ఎవరినైనా పంపండి. క్యాసెట్లు ఎక్కువ ఇచ్చి పంపండి. ఆ పిల్లకు ఆటంటే ఎందుకు ఇష్టం లేదో వాళ్ళ తాత చెబుతున్నంతసేపూ, ఆమె ఆడుకోవచ్చు.