పోచమ్మ మహారాణివారి కుడిచేయి

పేదరికం పోయింది. నమ్మకపోతే నీలం నగర్‌లో మా పక్కింటి గోడ చూడండి!

ఆ ఇంటి పోచమ్మగారు నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్నారు. మనవరాలు శ్వేత ఫోన్‌లో ఓ యాప్ తెరిచి, అవ్వ ఫొటో పెట్టి, బటన్ నొక్కింది. అరనిమిషంలో అవ్వ మహారాణి అయిపోయింది! పాతకాలపు రంగుల చిత్రంలా ఉన్న ఆ పటానికి బంగారు ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఇలాంటి యాప్‌లు దండగని తిట్టేవాళ్లను ఒక్కటే అడుగుతాను. ఏ సర్కారు పథకం ఇంత తొందరగా పనిచేసింది?

కళావిమర్శకుడిగా ఆ చిత్రాన్ని గంటసేపు పరిశీలించాను. రాణీవారు సింహాసనం మీద నిటారుగా కూర్చున్నారు. వంగిన నడుము ఎంత తిన్నగా అయిపోయిందో! ఒడిలో బీడీల చాట పోయి తెల్లకుక్క వచ్చింది. ఇంటి వెనక మురికినీళ్ల మోరీ సరస్సయింది. కుడిచేయి దీవిస్తున్నట్టు ఎత్తి ఉంది, వేళ్ల మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు.

భర్త నర్సయ్యగారు పవర్‌లూమ్ మీద నేసే మనిషి. భార్య ముఖం జోలికే పోలేదు. ముక్కు పటానికి ఆనించి చీర చూశారు.

“ఎడమ అంచుల నెమలి, కుడి అంచుల బాతు. ఒక్క చీరకు గిట్లెట్లొస్తది? గీ మాల్ సేఠ్ తీసుకోడు,” అన్నారు. మహారాణివారి పట్టుచీర అక్కడికక్కడే రిజెక్టయింది.

యాప్ చేసిన అసలు మేలు వేరే ఉంది. తంబాకు, ఆకు రాసుకుని పోచమ్మగారి వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మెషీన్ రెండు నెలలుగా ఆమెవరో తెలియదంటోంది. బియ్యం ఇవ్వడం లేదు. మెషీన్‌కు తెలియని మనిషిని యాప్ చూడగానే మహారాణి అని కనిపెట్టింది! అయినా మహారాణులకు రేషన్ బియ్యం ఎందుకండీ?

నిన్న పోచమ్మగారు ఆకు కత్తిరించడం ఆపి, కళ్లజోడు పెట్టుకుని పటం ముందు నిలబడ్డారు.

“మొఖం నాదే. చేతులెవలియే?”

“యాప్ పెట్టింది అవ్వా. ఎంత మంచిగున్నయో చూడు,” అంది శ్వేత.

పోచమ్మగారు రాణీవారి బొటనవేలిని తన బొటనవేలితో తడిమి చూశారు.

“మంచిగున్నయి బిడ్డా. గా కుడిచెయ్యి ఒక్క పూటకు ఇయ్యమను. రేషన్ దుకాణంల వేలు పెట్టి మళ్ల ఇచ్చేస్త.”

యాప్‌లో ఆ బటన్ కోసం శ్వేతా నేనూ ఇంకా వెతుకుతున్నాం.