ఆఖరి అధ్యాయం అపహరణ

"ఈ లోకంలో మేధావులు ఇద్దరే, బామ్మర్దీ. ఒకడింకా పుట్టలేదు. రెండోవాడు నీ ఎదురుగా నిలబడ్డాడు" అని ప్రకటించాడు మా బావ.

బావ అంటే మా ఆవిడకు స్వయానా అన్న. ముప్ఫై ఏళ్లు తపాలాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు గుద్ది, రిటైరైన మర్నాడే ఒక భూతద్దం కొన్నాడు. అప్పటినుంచి వీధివీధంతా ఆయన్ని 'భూతద్దం' అంటోంది. ఆయన దాన్ని బిరుదనుకుంటున్నాడు. నాది పుస్తకాలకు బైండింగు చేసే పని. ఆయన సంచీ మోయడం నా రెండో ఉద్యోగం. జీతం లేదు, రాజీనామా చేసే వీలూ లేదు.

ఆ రోజు కేసు తెచ్చింది ఒక టీచరమ్మ. వాళ్ల నాన్నగారు నవలలూ కవితలూ రాసేవారు, పోయి ఇరవై ఏళ్లయింది. ఏడు నవలలు, ఒక కవితల పుస్తకం అచ్చయినా ఆయన పేరు చెబితే "ఎవరూ?" అనేవాళ్లే ఎక్కువ. అచ్చుకాని ఎనిమిదో నవల వేస్తానని ఇన్నాళ్లకు ఒక ప్రెస్సాయన ముందుకొచ్చాడు. తీరా చూస్తే ఆఖరి అధ్యాయం లేదు.

"ఇవాళ అయిదింటికల్లా ఇవ్వకపోతే ముగింపు ఆ ప్రెస్సాయన అల్లుడు రాసేస్తాడటండీ. కథానాయికకి పెళ్లి చేసేస్తాడట."

"ఎవరితో?" అన్నాను.

"ఎవరో ఒకరితో."

బావ కళ్లు మూసుకున్నాడు. "ఇది దొంగతనం కాదు. అధ్యాయ హత్య!"

టీచరమ్మ నవ్వలేదు. "నేను వచ్చిన సంబంధం కాదని ఉద్యోగంలో చేరితే నాన్న మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. 'నా నవల చివర చదువు, తెలుస్తుంది' అన్నారంతే. నెల తిరక్కుండానే పోయారు. ఆ చివరేమిటో ఇప్పటికీ తెలీదండీ."

ఆయన రాసుకున్న గదికి వెళ్లాం. బల్ల, కుర్చీ, సిరా మరకలు, పైన చిన్న వెంటిలేటరు. బావ నేల మీద పాకుతూ ఒక వెంట్రుకను పట్టుకున్నాడు.

"తెల్ల వెంట్రుక! హంతకుడు వృద్ధుడు!"

"అది నీదే బావా. ఇందాక తల గోక్కున్నావు."

"నన్ను ఇరికించాలని చూస్తున్నాడన్నమాట!" అని టీచరమ్మ వైపు తిరిగాడు. "నాన్నగారికి శత్రువులెవరమ్మా?"

"శత్రువులుండాలంటే ఎవరైనా చదవాలి కదండీ."

"పోనీ, పాఠకులు?"

"నవలలకి మా అమ్మ. కవితలకి నేను."

బావ వెంటిలేటరు వైపు వేలు చూపించాడు. "వాడు అందులోంచి వచ్చాడు!"

"దాంట్లో పిల్లి కూడా పట్టదు బావా."

"సన్నటి దొంగ. రాసుకో."

కుర్చీ ఎక్కాడు. అందలేదు. బల్ల మీదున్న లావుపాటి పుస్తకం తీసి కాళ్ల కింద వేసుకున్నాడు.

"అయ్యో, అది నాన్న కవితలండీ!"

"కవిత్వం మనిషిని పైకి తీసుకెళ్తుందమ్మా" అన్నాడు బావ. మరుక్షణం ఆ కవిత్వమే ఆయన్ని కిందికి దించింది.

టీచరమ్మ బావకంటే ముందు పుస్తకాన్ని లేవదీసింది. అట్ట మీది నీలం గుడ్డ చిరిగి, లోపలినుంచి కాగితాలు జారాయి. ఒకవైపు తప్పులు దిద్దిన అచ్చు ప్రూఫులు. రెండోవైపు గొలుసుకట్టు చేతిరాత.

"నాన్న రాత! పద్నాలుగో అధ్యాయం, ఆఖరిది!"

ఆ నీలం గుడ్డను, ఆ కుట్టును చూడగానే నేను ఒక అడుగు వెనక్కేశాను. అవి నా చేతివే. అట్ట మెత్తగా ఉండాలంటే గుడ్డకూ అట్టకూ మధ్య చిత్తుకాగితాలు పరిచి, అంచులకు మాత్రం జిగురు పూస్తాం. ఇరవై ఏళ్ల కిందట మెత్తటి అట్ట కావాలని టీచరమ్మ నాన్నగారే పనికిరాని ప్రూఫుల కట్ట ఇచ్చి వెళ్లారు. వాటి వెనక ఖాళీలో నవల ఆఖరి అధ్యాయం రాసుకున్న సంగతి ఆయనకు గుర్తులేనట్టుంది. తిప్పి చూద్దామన్న ఆలోచన నాకు రాలేదు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని, పుస్తకాలు కుట్టడమేగాని చదవడమెక్కడ?

"దొంగను నేనే బావా" అన్నాను, జరిగింది చెప్పి.

బావ నడుం పట్టుకుని పకపకా నవ్వాడు. "నువ్వా! ఇంత పకడ్బందీ పథకం వేసే బుర్ర నీకుంటే మా చెల్లెలు ఇన్నేళ్లుగా ఎందుకు తల బాదుకుంటుంది?"

టీచరమ్మ ఇదేమీ వినడం లేదు. నేల మీదే కూర్చుని చదువుతోంది. చివరి కాగితం రెండుసార్లు చదివింది.

"పెళ్లయిందా అమ్మా?" అన్నాను.

"లేదండీ. ఉద్యోగానికి బయల్దేరింది. వాళ్ల నాన్న గుమ్మందాకా వచ్చి, 'ఎండగా ఉంది, నా గొడుగు పట్టుకెళ్లు' అన్నాడు. అక్కడితో అయిపోయింది."

గోడకున్న గడియారంలో నాలుగూ పది. కాగితాలు ఎదకు హత్తుకుని ఆవిడ లేచింది.

"అచ్చయ్యాక నా కాపీకి బైండింగు మీరే చెయ్యాలి" అంది నాతో. "అట్టలో మాత్రం ఏమీ పెట్టకండి."

దారి పొడుగునా బావ కుంటుతూనే కేసు డైరీ రాశాడు. ఇంటికొచ్చాక చూశాను: 'అధ్యాయం దొరికింది. సన్నటి దొంగ పరారీలో ఉన్నాడు.'