దూలం కింద సలహాలు

ఆ రోజు పొద్దున్నే హైదర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నడి ఇంట్లో విరిగిన దూలానికి ఆసరాగా నిలబెట్టిన గుంజను తీసెయ్యాలి. బీమా సారు వచ్చి, ఇల్లు చూసి వెళ్లాక మళ్లీ పెట్టెయ్యాలి. ఆ మధ్యలో దూలం పడకుండా ఉండాలి. మొదటి రెండు పనులూ అతని చేతిలో ఉన్నాయి.

గద్వాలలో రాజోలి బాట పక్కన ఉన్న ఆ మట్టి మిద్దె తప్ప అతని తల్లి చాంద్‌బీకి మరో నీడ లేదు. తండ్రి తన చేతులతో కట్టి, కట్టిన ఏడాదే పోయాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పటి నుంచి దూలానికి పనికొచ్చే కలప దొరకడం లేదు. పెట్రోలు కూడా దొరకడం లేదు గనుక హైదర్ నడిపే సేటు బస్సు వెనక ఒక పీపా తగిలించి, బొగ్గు కాల్చి, ఆ పొగతో నడుపుతున్నారు. మిరుగు కార్తె తొలకరి వానలు నెత్తిమీదికి వచ్చాయి. ఈసారి వానకు దూలం ఆగదని హైదర్‌కు తెలుసు.

కిందటి వారం ఆ బస్సులోనే కర్నూలు బీమా ఏజెంటు సామ్యూల్ ప్రయాణం చేశాడు.

"డ్రైవరు ప్రాణానికి మా కంపెనీ బీమా చెయ్యదు నాయనా. వానాకాలం రోడ్ల మీద తిరిగేవాడికి భరోసా ఏముంది? ఇంటికైతే చేస్తాం. ఇల్లు ఎక్కడికీ పోదు కదా. కాని నేను కళ్లారా చూసి, గట్టిగా ఉందని సిఫారసు చెయ్యాలి" అన్నాడు.

బీమా ఉంటే, ఇల్లు కూలినా ఆ డబ్బుతో మళ్లీ కట్టుకోవచ్చు. అందుకే ఆ రోజు తల్లి నీళ్లకు వెళ్లిన వేళ చూసి హైదర్ గుంజ లాగేశాడు. దూలం ఒకసారి మూలిగి ఊరుకుంది. పగులు కనబడకుండా దాని కింద తెల్ల దుప్పటి ఒకటి నాలుగు మూలలా లాగి కట్టాడు. గుంజను గోనెలో చుట్టి, ఇంటి ముందు నిలిపిన బస్సులో సీట్ల కిందికి తోశాడు. బస్సులో అప్పటికే రాజోలి పోయేవాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఎప్పుడు కదులుతదిరా హైదరూ?" అని రైతు వెంకటయ్య కేక వేశాడు.

"బొగ్గు అంటుకోవాలె మామా. జర ఆగు."

సామ్యూల్ టోపీ, తోలు సంచీతో వచ్చాడు. అప్పుడే నీళ్ల నుంచి వచ్చిన చాంద్‌బీ బిందె దించి, హడావిడిలో అటూ ఇటూ చూడకుండానే మంచం వాల్చింది. చల్లగా ఉంటుందని నడి ఇంట్లో వాల్చింది. అంటే సరిగ్గా దూలం కింద.

సామ్యూల్ కూర్చుని సలహాలు మొదలుపెట్టాడు. "వానకు ముందు గోడలు మెత్తుకోవాలి. తూములు శుభ్రం చేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మిద్దె మీద కొత్త చౌడు మట్టి పరుచుకోవాలి. చుక్క నీరు దిగదు."

చాంద్‌బీ ముఖం వెలిగిపోయింది. "పరిపిచ్చిన సారూ! నిన్న వీడు రాజోలి పొయ్యొచ్చేలోపలనే పోపిచ్చిన. ఎనిమిది గాడిదల మట్టి!"

"భేష్! ఇల్లంటే ఇలా చూసుకోవాలి" అన్నాడు సామ్యూల్.

హైదర్ పైకి చూశాడు. చాంద్‌బీ కూడా గర్వంగా పైకి చూసింది. దుప్పటి కనిపించింది. కిందికి చూసింది. గుంజ కనిపించలేదు. కొడుకును చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"గుంజ ఏదిరా?"

"బస్సుల ఉంది."

"బస్సుల ఏం మోస్తుందిరా అది?"

"గుంజ కనవడితే ఇల్లు పాసు చెయ్యడని తీసిన. నువ్వు గంత మట్టి ఎందుకు పోపిచ్చినవమ్మీ?"

"ఇల్లు మంచిగ కనవడాలెనని. పోయి సారును లేపు."

"లేపితే బీమా పోతది."

"లేపకపోతే సారు పోతడు!"

 ఒక పక్క తల్లి నీడ, ఇంకో పక్క పరాయి మనిషి ప్రాణం. "సిఫారసు చేస్తనని ఒక్క మాట అననీ. ఛాయ్ తాగి పోతడు" అన్నాడు హైదర్ చివరికి. చాంద్‌బీ పొయ్యి ముట్టించింది. పచ్చి కట్టెలు పొగ చిమ్మాయి గాని మంట రాలేదు.

అప్పుడే ఉరిమింది. వాన ఒక్క పెట్టున దిగింది. బస్సు టాపు జల్లెడలా కారేది గనుక, వెంకటయ్యా, నెత్తిన కోళ్ల గంపతో భీమమ్మా, వాళ్ల వెనక మిగతా ప్రయాణికులంతా ఇంట్లోకి ఉరికారు. అందరూ మంచం చుట్టూ దూలం కింద కూర్చున్నారు.

మిద్దె మీది కొత్త మట్టి దాహంగా నీళ్లు తాగుతోంది.

"లేవండి, లేవండి! బస్సు పోతున్నది!" అని హైదర్ అరిచాడు.

"ఎవరూ లేవకండి" అన్నాడు సామ్యూల్ చెయ్యి ఎత్తి. "ఇంత వానలో బస్సెక్కడం ఆత్మహత్యతో సమానం. గట్టి కప్పు కింద కూర్చోవడమే క్షేమం."

"సదువుకున్న సారు చెప్తుండు, ఇను" అని భీమమ్మ కోళ్ల గంప దించి కాళ్లు చాపుకుంది.

పైన టప్‌మని ఏదో విరిగింది. దుప్పటి నడుమ మట్టి పడి, నిండు చూలాలి కడుపులా కిందికి జారింది. హైదర్‌కు తోచిన మాట ఒక్కటే.

"పాము! పాము!"

ఆడవాళ్లు కెవ్వుమన్నారు గాని, పామును చంపకుండా పాలమూరు రైతు బయటికి పోతాడా? వెంకటయ్య తలుపు మూసేశాడు. "ఎటూ పోనియ్యొద్దు!" అని కర్ర పట్టుకుని నాలుగు మూలలూ వెతికాడు. ఉబ్బిన దుప్పటి కంట పడింది. "ఈడుందిరో! పెద్దదే!" అని కర్రతో ఒక్క పోటు పొడిచాడు. తడి మట్టి ధారగా సామ్యూల్ టోపీ మీద పడింది.

"మట్టి మిద్దె అన్నాక మట్టి రాలదా! ఇల్లు భేషుగ్గా ఉంది. సిఫారసు చేస్తున్నా" అన్నాడు సామ్యూల్ దులుపుకుంటూ.

హైదర్ కోరుకున్న మాట వచ్చేసింది. ఆ మాట కోసం ఎంతమందిని దూలం కింద కూర్చోబెట్టాడో అప్పుడు చూసుకున్నాడు. ఇక ఆలోచించలేదు. సామ్యూల్ తోలు సంచీ లాక్కుని, తలుపు భళ్లున తెరిచి, వానలోకి ఉరికాడు. హారన్ పిండి పిండి మోగించి బస్సును నిజంగానే కదిలించాడు.

పాముకు భయపడనివాళ్లు బస్సు తప్పిపోతుందంటే ఆగలేదు. వెంకటయ్య కర్ర పారేసి పరుగెత్తాడు. భీమమ్మ కోళ్ల గంపతో, మిగతావాళ్లు చెప్పులు లేకుండా పరుగెత్తారు. "దొంగ! నా సంచీ!" అంటూ సామ్యూల్ అందరినీ దాటిపోయాడు.

హైదర్ బస్సు ఆపి వెనక్కి చూశాడు. అందరూ వచ్చారు. తల్లి రాలేదు.

"అమ్మీ!"

గడపలో చాంద్‌బీ కనిపించింది. చేతిలో ఎట్టకేలకు కాగిన ఛాయ్ కప్పు, దాని మీద అడ్డంగా కొంగు. "సారూ, ఛాయ్ తాగకుండ పోతర?" అంటూ వీధిలోకి దిగి పది అడుగులు వేసింది.

ఆమె వెనక ఇల్లు కూర్చుండిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిసిన మట్టి గనుక దుమ్ము కూడా లేవలేదు. ద్వారబంధం ఒక్కటే, తలుపుతో సహా, నిలబడి ఉంది.

 చాంద్‌బీ వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది. "మీ అబ్బ ఒక్కో ఇటిక ఆరవెట్టి కట్టిండ్రా" అంది. తరువాత కప్పు సామ్యూల్‌కు అందించింది. "తాగు సారూ, సల్లారుతది."

సామ్యూల్ తాగాడు. సగం చొక్కా మీద ఒలికింది.

హైదర్ సీట్ల కింద నుంచి గోనె లాగి విప్పాడు. ద్వారబంధం కాక ఇంట్లో మిగిలింది ఆ గుంజ ఒక్కటే. తల్లిని బస్సులో ముందు సీటు మీద కూర్చోబెట్టి, కారుతున్న టాపుకు ఆ గుంజనే ఆసరాగా నిలబెట్టి, పైన గోనె కట్టాడు. ఈసారి దాన్ని ఎవరి నుంచీ దాచలేదు.

"నాయనా, నీ ప్రాణానికి బీమా చెయ్యమని కంపెనీకి నేనే చెబుతాను. బస్సే నయం" అన్నాడు సామ్యూల్ మెల్లగా.

"మరి ఇంటికి, సారూ?"

సామ్యూల్ ద్వారబంధం వైపు చూసి బస్సెక్కాడు.

ఆ తరువాత కూడా అతను వానాకాలపు సలహాలు చెప్పడం మానలేదు. వీధిలోనే గొడుగు వేసుకుని నిలబడి చెప్పేవాడు.