వాడినవి

త్రినాథ్ రాసిన జోకుకు సెట్లో నవ్వు పడితే, ఆ జోకు ఎవరి మీద రాశాడో ఆ మనిషి మర్నాటి నుంచి ఛానల్ సామాన్ల గదిలో ఉండాలి. ఒప్పందం ఏడో పేజీలో ఈ సంగతి ఉంది. పన్నెండేళ్ల కిందట అనకాపల్లి నుంచి హైదరాబాదు వచ్చి కామెడీ స్కిట్లు రాయడానికి చేరినప్పుడు అతను ఆ పేజీ రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

మొదట మేనమామ వెళ్ళాడు. పెళ్ళిళ్లలో ఆయన మూడు బంతుల్లోనూ కూర్చుని తినడం మీద నాలుగు ఎపిసోడ్లు నడిచాయి. త్రినాథ్ టీమ్ లీడర్ అయ్యాడు. తర్వాత బావమరిది ఇంగ్లీషు. త్రినాథ్ నిర్మాత కూడా అయ్యాడు. నిరుడు భార్య హైమ గురక మీద రాసినప్పుడు జడ్జీలు కుర్చీల్లోంచి లేచి నవ్వారు. తెల్లారి వ్యాను వస్తే హైమ గ్యాస్ కట్టేసి, చెప్పులేసుకుని ఎక్కింది. పక్కింటివాళ్ళు త్రినాథ్‌ను అభినందించారు.

గదిలో లోటేమీ లేదు. విగ్గులకూ గెటప్ చీరలకూ మధ్య తలా ఒక కుర్చీ, రెండు పూటలా భోజనం. గురువారం గుమ్మం దాకా వచ్చి చూడవచ్చు.

ఇక ఇంట్లో మిగిలింది ఏడేళ్ల కూతురు మోక్షిత. ఆ పిల్ల నవ్వొచ్చే మాట అనకుండా కాపలా కాయడం అతని పని అయింది. ఇంట్లో ఎక్కాలు తప్ప ఏమీ మాట్లాడకూడదన్నాడు. పదమూడో ఎక్కం దగ్గర పిల్ల తడబడితే అతను గబగబా తానే అందించేవాడు.

ఆ గురువారం మూడు గంటలకు స్కిట్‌కు చివరి పంచ్ లేదు. ప్రోగ్రామ్ హెడ్ ఝాన్సీ వచ్చింది.

"త్రినాథ్ గారూ, ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

"ఫారంలో పాప ఉందని రాశారుగా."

"అది నవ్వించే రకం కాదండీ. ఎక్కాలు చెబుతుందంతే."

"సరే, మీ ఇష్టం. ఐదింటికి లైట్లు వేస్తాం. పంచ్ పేలకపోతే ఈ వారంతో షో ఆపేస్తాం. ఆపేసిన షో సామాను తుక్కుకు వేస్తారు. రూలు మీకు తెలుసుగా."

హైమ కూడా ఆ సామానులోనే ఉంది.

నాలుగింటికి మోక్షిత బడి నుంచి ఆటోలో వచ్చి ఛానల్ దగ్గర దిగింది. తల్లిని చూపించడానికి త్రినాథ్ పిల్లను సామాన్ల గదికి తీసుకెళ్ళాడు. తలుపు మీది బోర్డును పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంది.

"వా... డి... న... వి. నాన్నా, అమ్మకి నీళ్ళు పొయ్యట్లేదా?"

గది కాపలాదారు ఎల్లేశం పొట్ట పట్టుకున్నాడు. "అబ్బ! ఏం మాటన్నవ్ బిడ్డా! సార్, గిది రాస్కోన్రి!"

"నవ్వకు బాబూ, నీకు దండం పెడతాను."

"నవ్వస్తే నేనేం జెయ్యాలె సార్?"

లోపల హైమ నవ్వలేదు. "ఏవండీ, దాన్ని ఇంటికి తీసుకుపోండి. నన్నెలాగూ వాడేశారు," అంది.

రాస్తే మోక్షిత గదిలోకి. రాయకపోతే హైమ తుక్కులోకి. నాలుగూ నలభై దాకా త్రినాథ్ కాగితం ముందు కూర్చున్నాడు. తల్లీకూతుళ్ళు ఒకచోట ఉంటారు కదా అనుకున్నాడు. షో కూడా ఉంటుందని అనుకోలేదని చెప్పలేం. రాశాడు.

పంచ్ పేలింది. సెట్లో నవ్వు మొదలుపెట్టాల్సింది నిర్మాతే కాబట్టి అందరికంటే ముందు త్రినాథ్ నవ్వాడు. మర్నాడు వ్యాను ఎక్కుతూ మోక్షిత డ్రైవరుకు నమస్తే చెప్పింది. గదిలో చిన్న కుర్చీ వేశారు.

శుక్రవారం అన్నాలు తింటూ రాష్ట్రమంతా ఆ స్కిట్ చూసింది. శనివారం పొద్దున్నే ఛానల్ గేటు దగ్గర తల్లిదండ్రులు పిల్లల చేతులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. త్రినాథ్ వాళ్ళకు ఫారాలు పంచాడు. వెనక నుంచి ఒకావిడ కూతుర్ని ఎత్తుకుని ముందుకు తోసుకొచ్చింది.

"మా పాపకి 'ర' పలకదు సార్, వింటే పడీపడీ నవ్వుతారు. కొంచెం తొందరగా చూడండి. నిన్నట్నించి బాగా పలికేస్తోంది."

త్రినాథ్ ఆమెను వరసలో మొదట నిలబెట్టాడు.