ఎవరూ లేని చోట మా ఇల్లు

మనిషి ఫలానా చోట నివసిస్తున్నాడా లేదా అన్నది ఆ మనిషిని అడిగి తేల్చుకోదగిన విషయం కాదు. మనిషి పక్షపాతి. తన పొయ్యి, తన చాప, తన దోమతెర చూపించి, ఇదిగో ఇక్కడే ఉన్నాను అంటాడు. అందుకే బుద్ధిగల ప్రభుత్వాలు ఆ ప్రశ్న పటాన్ని అడుగుతాయి. పటానికి దోమతెర ఉండదు కనుక అబద్ధమాడవలసిన అవసరం రాదు.

ఈ సత్యం నాకు పెళ్లయిన పదకొండో రోజున బోధపడింది. అప్పటిదాకా నేను సుమత్రా దీవిలో, ఏడో నంబరు ఆవాసంలో, మా ఆయన త్రిమోతో కలిసి కొత్త రేకుల కప్పు కింద కాపురం చేస్తున్నాననే భ్రమలో ఉన్నాను. (కాపురం చాలా బాగుంది. పొద్దున్నే ఆయన కాఫీ కలిపి, గ్లాసు మీద మూత బోర్లించి, నేను లేచేదాకా ఈగలు తోలుతూ కూర్చుంటారు. కాలేజీలో నాలుగేళ్లు గ్రామీణాభివృద్ధి చదివాను, ఈ అధ్యాయం ఎక్కడా తగల్లేదు.)

ఇల్లున్న స్థలం మామగారి పెళ్లికానుక. నలభై ఏళ్ల కిందట జావా నుంచి ఓడలో తెచ్చి దింపినప్పుడు ప్రభుత్వం ఆయనకిచ్చిన రెండు హెక్టార్లలో పావు హెక్టారు. ఇల్లు, మూడు రంబుతాన్ చెట్లు, మా ఇద్దరినీ సమానంగా ద్వేషించే ఒక కోడి. దానికి మా ఇద్దరి పేరా పట్టా కావాలి. ఎందుకంటే రోడ్డవతల ఒక కంపెనీవారి పామాయిల్ తోట ఉంది. అది ఏడాదికోసారి రోడ్డు దాటుతుంది. పట్టా ఉన్న ఇంటిని అడిగి దాటుతుంది, లేని ఇంటిని అడగదు.

గ్రామాధికారి పాక్ వర్సిటో మమ్మల్ని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. (పాక్ అంటే ‘అయ్యగారు’ అని.) మాలో ‘లేదు’ అనడం అమర్యాద, ‘ఇంకా లేదు’ అంటాం. ఎనభై ఏళ్ల బ్రహ్మచారిని పెళ్లయిందా అని అడిగినా ‘ఇంకా లేదు’ అనే అంటాడు. పాక్ వర్సిటో ఈ మర్యాదలో మా ఆవాసానికే పెద్ద.

“పాక్, మా పట్టా వస్తుందా?” అన్నారు త్రిమో.

“ఇంకా రాలేదు బాబూ.”

“అంటే రాదా?”

“అయ్యయ్యో, అంత మాట నా నోటెంట వస్తుందా! ఇంకా అంటున్నా, ఇంకా.” ఆయన పటం పరిచి, పచ్చగా ఉన్న ఒక చోట వేలు పెట్టారు. “ఇది మీ ఇల్లు. అంటే, అడవి.”

“అది మా వంటిల్లు పాక్.”

“వంటింటిదగ్గర అడవి ఇంకాస్త చిక్కగా ఉంది, చూడు.”

నాకు నవ్వాగలేదు. పెళ్లయిన పదకొండో రోజున అడవిలో ఉన్నావని ఎవరైనా చెబితే ఎవరికి మాత్రం ఆగుతుంది! పాక్ వర్సిటో నా నవ్వును అభ్యంతరంగా నమోదు చేసుకుని పైకి పంపారు.

ఆ అభ్యంతరం మీద విచారణకు హరిత పటాల విభాగం నుంచి పాక్ బస్తోమి అనే పర్యవేక్షకుడు మోటారు సైకిలు మీద వచ్చారు. మా అరుగు మీద కూర్చుని, మా కర్రపెండలం వేపుడు తింటూ, ఇక్కడ మనుషుల జాడ కనిపించడం లేదని రాసుకున్నారు. పక్కింటి పోనిరా పెద్దమ్మ కంచె మీదుగా అంతా వింటోంది.

అడవి ఎలా వచ్చిందో తేలడానికి అరగంట పట్టింది. నలభై ఏళ్ల కిందట కొలతలవాళ్లు వచ్చి, ఎవరి హద్దుల్లో వాళ్లు కర్రలు పాతుకోండి అని చెప్పి వెళ్లారు. మా జావా వాళ్ల చేతికి ఎండుకర్ర పాతడం రాదు. నేలలో పెట్టేదేదైనా తినడానికో మేపడానికో పనికిరావాలి. అందరూ గిరిపుష్పం పచ్చికర్రలు పాతారు. వారంలో చిగుళ్లు వేశాయి. ఇప్పుడు ఒక్కో ఇంటి చుట్టూ అరవై చెట్లు. పైనుంచి చూసిన ఉపగ్రహానికి హద్దులు తప్ప ఊరు కనిపించలేదు. అంటే, తన భూమికి ఎవడెంత నిజాయితీగా హద్దు పెట్టుకున్నాడో, వాడి ఇల్లు అంత దట్టమైన అడవి.

“కర్ర పాతమన్నారు, పాతాం. మొలవొద్దని దానికి ఎవరు చెప్పాలయ్యా, నువ్వు చెప్పావా?” అంది పెద్దమ్మ.

“మొలిచినప్పుడు తెలియజేయాల్సింది బూ,” అన్నారు పాక్ బస్తోమి, పెద్దావిడను పిలిచే మర్యాదతో. “అందుకు విడిగా ఫారం ఉంది.”

“పోనీ కొట్టేస్తాం,” అన్నారు త్రిమో.

“అడవిలో చెట్టు కొట్టడం నేరం.”

“కొట్టకపోతే?”

“కొట్టకపోతే అడవి. అందులో ఇల్లు కట్టుకోవడం నేరం.” ఇంకో ముక్క తీసుకుని, “వేపుడు అద్భుతంగా ఉందమ్మా,” అన్నారు నాతో. (మా ఇంటికి దొరికిన తొలి ప్రభుత్వ గుర్తింపు ఇదే. పొంగిపోయాను.)

ఆయన కఠినుడు కాదు. అడవిలో ఉండడానికి అర్హత గల జీవుల జాబితా తీసి మా కోసం చాలాసేపు వెతికారు. ఏనుగు ఉంది, ఎలుగుబంటి ఉంది, టాపిర్ ఉంది. చివరికి ‘ఇతర క్షీరదాలు’ అన్న వరసలో ఖాళీ కనిపించింది. మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ‘సాధారణంగా జంటగా సంచరించును’ అని రాసుకున్నారు. మా పెళ్లికి వచ్చిన ఆశీర్వచనాల్లో అంత కచ్చితమైనది మరొకటి లేదు.

“జంతువులకి పట్టా ఇస్తారా పాక్?” అన్నాను.

“ఇంకా ఇవ్వలేదు.”

ఆయన వెళ్లాక త్రిమో దిగాలుపడి కోడితో మాట్లాడుతూ కూర్చున్నారు. పెద్దమ్మ మాత్రం కంచె దాటి వచ్చేసింది.

“ఏంట్రా ఆ మొహం? చెట్టు కొట్టొద్దన్నాడు గానీ ఆకు కొయ్యొద్దన్నాడా?”

“ఆకు కోసి ఏం చేస్తాం పెద్దమ్మా?”

“చదువుకున్నదాన్ని చేసుకున్నావు, ఆవిణ్ణి అడుగు. ఊళ్లో మేకల్లేవా?”

ఉన్నాయి. ఏడో నంబరు ఆవాసంలో మనుషులు పద్నాలుగు వందలు, మేకలు రెండు వేల పైచిలుకు. గిరిపుష్పం ఆకంటే వాటికి ప్రాణం. ఆదివారం ఊరంతా ఉమ్మడి పనికి దిగింది. మగవాళ్లు చెట్లెక్కి రెమ్మలు దూశారు, ఆడవాళ్లం మోపులు కట్టాం. మేకలు మాత్రం ఏ జీతం బత్తెం లేకుండా సాయంత్రం దాకా ప్రభుత్వ పటాన్ని సవరించాయి. చెట్టు మీంచి త్రిమో నా మీదికి చిగుళ్లు విసురుతుంటే, “కొత్త జంట వేషాలు తర్వాత, ముందు నిచ్చెన పట్టుకోండి!” అని అందరూ కేకలు. నేను పట్టుకోలేదు. ఆయన పడ్డారు. ఆకుల మీదే పడ్డారు, చాలా అందంగా.

ఉపగ్రహం మంగళవారం పది నలభైకి వస్తుందని పాక్ వర్సిటోయే కనుక్కుని చెప్పారు. ఆ వేళకి అందరం బాతిక్ బట్టలు కట్టుకుని, ఎవరి వాకిట్లో వాళ్లం నిలబడి, ఆకాశంకేసి చేతులూపాం. పోనిరా పెద్దమ్మ అనుమానం తీరక, తన గుర్తింపు కార్డు కూడా పైకెత్తి చూపించింది.

నెల తిరక్కుండా కొత్త పటం వచ్చింది. పాక్ బస్తోమి స్వయంగా తెచ్చి, అభినందిస్తూ కరచాలనం చేశారు. “ఇక్కడ అడవి లేదు!”

త్రిమో నన్ను ఎత్తి గిర్రున తిప్పారు. ఊరి పెద్దల ముందు! సిగ్గుతో నా తల తిరిగిందో, తిరగడం వల్ల తిరిగిందో చెప్పలేను.

“మరి ఏముందంట?” అంది పెద్దమ్మ.

“బీడు భూమి బూ. మనుషులు పట్టించుకోకుండా వదిలేసినది. మూడు వందల ఎనభై చిన్న చిన్న నీటిగుంటలున్నాయి.”

“ఏ గుంటలు?”

పాక్ బస్తోమి మా కొత్త రేకుల కప్పుకేసి, ఎండకు కళ్లు చికిలించి చూశారు. “మెరిసేవన్నీ నీళ్లేనమ్మా.”

తర్వాతి నిబంధనలు ఆయనే ఓపికగా వివరించారు. వదిలేసిన భూమిని ప్రభుత్వం కొత్తవారికి పంచుతుంది. ఎవరైనా అడగవచ్చు. రోడ్డవతల తోటవారు అప్పుడే అడిగారు. మేమూ అడగవచ్చు, కొత్త దంపతులకు ప్రాధాన్యం కూడా ఉంది. ఒక్కటే షరతు. దరఖాస్తు చేసేవారు ఆ నేల మీద ఇదివరకు ఎన్నడూ నివసించలేదని రుజువు చూపాలి. తోటవారికి ఆ విషయంలో కొంత సౌకర్యముంది, వాళ్లు నిజంగానే నివసించలేదు.

“మాకు ఆ రుజువు ఎవరిస్తారు?” అన్నారు త్రిమో.

“నేనిస్తా,” అన్నారు పాక్ వర్సిటో. ఆయన నోట ‘ఇంకా’ లేని వాక్యం వినడం మాకదే మొదలు.

మాట నిలబెట్టుకున్నారు. సెకార్ అనే నేనూ, నా భర్త త్రిమో, ఏడో నంబరు ఆవాసంలో ఎన్నడూ నివసించి ఉండలేదని ధ్రువీకరించే పత్రం, రెండు ముద్రలతో, నాలుగో రోజుకల్లా పోస్టులో వచ్చింది. పోస్ట్‌మాన్ మా తలుపు కొట్టి, ఇద్దరమూ ఇంట్లోనే ఉన్నామని చూసుకుని, సంతకం చేయించుకుని మరీ ఇచ్చాడు.