ఎనిమిది జిడ్డు ముఖాలు

ఆ రోజు ఉదయం రంగనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. డిపోలో ఎనిమిది మంది డ్రైవర్లు గడ్డం గీసుకుంటారు. గీసుకున్న చోట తానిచ్చిన సీసాలోది పూసుకుంటారు. తొమ్మిదింటికి కడప నుంచి వచ్చే పెద్దాఫీసరు ముందు కళకళలాడుతూ నిలబడతారు. అంతే. చాలా అనర్థాలు ఇంతకంటే చిన్న పథకాలతోనే మొదలయ్యాయని అతనికి తెలియదు. అతను చదివింది చరిత్ర కాదు, మనస్తత్వ శాస్త్రం. అదీ దూరవిద్యలో, మొదటి సంవత్సరం వరకు.

కర్నూలు కడప రోడ్డు మీద ఉన్న ఆ డిపోలో రంగనాథ్ పదకొండేళ్ళుగా డ్యూటీ చార్టులు రాస్తున్నాడు. అందరూ చార్టు చూస్తారు, అతన్ని చూడరు. ఈ లోటు మనసులో ఏ మూల తేలిందో గానీ, ఈమధ్య అతనికి మగవాళ్ళ చర్మం మీద దృష్టి పడింది. మనిషి మనసును దాచగలడు, చర్మాన్ని దాచలేడు అన్నది అతని సొంత సిద్ధాంతం. పొడి చర్మానికి స్పిరిట్ లేని క్రీము, జిడ్డు చర్మానికి స్పిరిట్ కలిసిన లోషను, సున్నితమైన దానికి కలబంద జెల్ అని ఫోనులో చదివి, అంతకుముందు వారం పరీక్షలు కూడా జరిపాడు. గడ్డం గీసుకునే డ్రైవర్లు బస్సు దిగగానే ఒక్కొక్కరి నుదుటికీ ఒక పల్చటి కాగితం అంటించి తీశాడు. మే నెల. నాలుగు గంటల పాటు మోకాలి పక్కనే ఇంజను. కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఎనిమిదికి ఎనిమిదీ జిడ్డు చర్మాలే అని తేలింది. పరిశోధనలో ఇంత ఏకాభిప్రాయం అరుదని రంగనాథ్ పొంగిపోయాడు.

ఒప్పుకోనివాడు వీరభద్ర ఒక్కడే.

"నాది ఎండు తోలు సార్. చలికాలంలో నా చెంప మీద గోటితో పేరు రాయొచ్చు."

"అది నీ అభిప్రాయం వీరభద్రన్నా. కాగితం ఇంకో మాట చెప్తాండాది."

తనను తాను ఒప్పుకోలేని మనిషి అని రంగనాథ్ జాలిపడి, అతనికి అందరికంటే పెద్ద సీసా ఇచ్చాడు. గేటు దగ్గర కాపలా ఉండే ఇమాం బాషాకూ ఒకటి ఇవ్వబోయాడు. ఇమాం బాషా మూత తీసి వాసన చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు.

"స్పిరిట్ శానా ఉండాది సార్ దీంట్లో. నాకు పటిక సాలు."

మార్పంటే భయం అని రంగనాథ్ మనసులో రాసుకున్నాడు.

వీరభద్ర ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క రిమార్కు లేదు. ఆ రోజు ఆఫీసరు శాలువా కప్పబోయేది అతనికే. చూడటానికి భార్య ఈరక్క కొత్త చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఒక్క రిమార్కు పడితే శాలువా లేదు.

తొమ్మిదికి పావుగంట ముందు, ఘుమఘుమలాడుతూ డ్రైవర్లు వరుసలో నిలబడ్డారు. డ్యూటీ ఎక్కే ముందు ఎవరైనా సరే, తాగలేదని రుజువుకు యంత్రంలో ఊదాలి. గొట్టం నోట్లో పెట్టుకునే పాత రకం కాదది. గరాటు ముందు ముఖం పెట్టి ఊదే కొత్త రకం. వీరభద్ర ఊదాడు. ఎర్ర దీపం వెలిగింది. అతని ఫోటో, అంకె కంప్యూటర్లోకి వెళ్ళిపోయాయి. ఇమాం బాషా యంత్రాన్ని అనుమానంగా చూసి రెండోవాడిని పిలిచాడు. ఎరుపు. మూడోవాడు, ఎరుపు. ఎనిమిది మందీ ఎరుపే. మొక్కు కోసం గడ్డం పెంచడంతో సీసా దక్కని దాసన్న, గతంలో రెండుసార్లు తాగి దొరికిన దాసన్న, తొమ్మిదోవాడిగా ఊదాడు. సున్నా వచ్చింది. కావాలంటే ఇంకోసారి ఊదుతానన్నాడు.

మేనేజరు శివజ్యోతి పరుగున వచ్చింది.

"ఏం వీరభద్రన్నా, తాగేదానికి ఇంకో పొద్దు దొరకల్యాదా నీకు?"

"క్యాంటీన్లో మజ్జిగ తాగొచ్చినా మేడం. అంతే."

ఆ మాటతో నేరం మజ్జిగ మీదికి పోయింది. క్యాంటీన్ కుండ స్వాధీనం చేసుకున్నారు. క్యాంటీన్ పుల్లన్న అవమానపడి టీ కూడా ఆపేశాడు. టీ దొరకని ప్రయాణికులు కారణం అడిగి, డ్రైవర్లంతా తాగి ఉన్నారని తెలుసుకుని ఫోన్లలో వీడియోలు తీయసాగారు. ఆఫీసరు జీపు గేటులోకి తిరిగింది.

రంగనాథ్‌కు మొదటి ఎరుపుకే అది లోషనులోని స్పిరిట్ పనేనని అర్థమైంది. కానీ చెప్పాలంటే సీసా తప్పని ఒప్పుకోవాలి. సీసా తప్పయితే దాన్ని ఇప్పించిన కాగితం తప్పు. కాగితం తప్పయితే సిద్ధాంతం తప్పు. సిద్ధాంతం లేకపోతే అతను మళ్ళీ చార్టులు రాసే మనిషే. లోపల గొప్ప సంఘర్షణ జరిగింది. అది ముగిసేలోగా మజ్జిగ అరెస్టయింది.

అప్పుడు ఈరక్క లేచి వచ్చింది. అరవలేదు. భర్తను ఆ చెంప నుంచి ఈ చెంప దాకా చూసింది.

"ముప్పై ఏండ్లు నీతో కాపురం చేసినా. నాకు తెలీకుండా యాడ నేర్చుకుంటివి ఇది?"

వీరభద్ర తల దించుకున్నాడు. తాగనివాడు అలా తల దించుకోవడం రంగనాథ్ చూడలేకపోయాడు. జేబులోని సీసా తీసి, తప్పు తనదేనని చెప్పి, అందరి ఎదుటా సీసా మొత్తం చెంపలకూ గడ్డానికీ మెడకూ పట్టించుకుని గరాటు ముందు ఊదాడు. యంత్రం ఆగకుండా కూసి, అతని ఫోటో, అంకె కూడా కంప్యూటర్లోకి ఎక్కించింది. డిపోలో అప్పటిదాకా దాసన్న పేరిట ఉన్న రికార్డు చెరిగిపోయింది.

రుజువైపోయింది. ఎనిమిది మందీ సబ్బుతో ముఖాలు కడుక్కుని ఇరవై నిమిషాలు ఆగి ఊదితే ఎనిమిది సున్నాలు. రెండో పరీక్షకే చెల్లుబాటు అని రూలు. వీరభద్ర భుజాల మీద శాలువా పడింది. ఫోటోలో అతని చెంపలు నెర్రెలిచ్చిన చేనులా తెల్లగా పగిలి ఉన్నాయి. అది పొడి చర్మమని ఎవరైనా చెప్పగలరు.

రంగనాథ్ కూడా ముఖం కడుక్కుని వచ్చి వరుసలో నిలబడ్డాడు. శివజ్యోతి రూల్సు పుస్తకం రెండుసార్లు తిరగేసింది.

"రెండో పరీక్ష డ్రైవర్లకే రంగనాథ్. ఆఫీసు స్టాఫుకు కంప్యూటర్లో ఆ గడే ల్యాదు."

ఆ విధంగా ఆ ఏడాది డిపోలో డ్యూటీ మీద తాగి దొరికినవాడు ఒక్కడే అయ్యాడు. జీవితంలో చుక్క ముట్టని ఆ ఒక్కడూ గేటు పక్క బల్ల మీద కూర్చుని ఉండగా, దాసన్న వచ్చి కొంచెం ఎడంగా, గౌరవంగా కూర్చున్నాడు.

"సార్, ఇంతకూ ఏం బ్రాండు అది?"

పదకొండేళ్ళలో రంగనాథ్‌ను ఒక మనిషి సలహా అడగడం అదే మొదటిసారి.